మెరుపు బొగ్గు

పోచమ్మ బర్రె గేటుకు అడ్డంగా పడుకున్న రోజున భీమేశ్వరరావుగారు ఇస్త్రీ పంచె కట్టుకుని సరుకు కొనే బొంబాయి షావుకారు కోసం ఎదురుచూస్తున్నారు.

అది డెబ్భై మూడో, డెబ్భై నాలుగో సంవత్సరం. మదీనాగూడ దగ్గర బొంబాయి రోడ్డు మీద లారీ పోతే, మళ్లీ లారీ వచ్చేదాకా గొర్రెల మందలదే రాజ్యం. రోడ్డుకు అటు జొన్నచేలు, ఇటు రాళ్లగుట్టలు. ఆ రాళ్ల పక్కన రేకుల షెడ్డు వేసి, భీమేశ్వరరావుగారు సైకిలు హ్యాండిళ్లకూ బస్సు బంపర్లకూ క్రోమియం పూత పూయించేవారు. ఆయనది గోదావరి జిల్లా. బంధువులంతా రైసు మిల్లు పెట్టమంటే, బియ్యంలో మెరుపేముందని ఇంత దూరం వచ్చిన మనిషి.

పూత పూసిన హ్యాండిళ్లను తొట్లలో ముంచి కడుగుతారు. ఆ కడిగిన నీళ్లు పసుపుపచ్చగా కాలువ పట్టి షెడ్డు వెనకాల కుంటలోకి పోయేవి. మొదట్లో ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. తరవాత కప్పలు కుంట వదిలి రోడ్డెక్కాయి. ఆ తరవాత పోచమ్మ బర్రెలు కుంట దాకా వెళ్లి, వాసన చూసి, వెనక్కి తిరిగి రావడం మొదలుపెట్టాయి. పోచమ్మ ఊరికి దగ్గర్లో ఉన్న పెద్ద ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఇంటింటికీ పాలు పోసే మనిషి. పాలు తగ్గాయి. షెడ్డుకు వచ్చి మొర పెట్టుకుంటే వాచ్‌మన్ లింగమూర్తి రేపు రమ్మన్నాడు. రేపు వస్తే మళ్లీ రేపన్నాడు. చివరికి ఆవిడ తనతోపాటు పెద్ద బర్రెను కూడా తోలుకొచ్చింది.

"గేదెను లేపమ్మా, పెద్దమనిషి వస్తున్నాడు," అన్నారు భీమేశ్వరరావుగారు.

"నేను పండుకొమ్మనలేదు దొరా. అదే పండుకున్నది. లెవ్వుమంటే నా మాట ఇంటదా?"

"అసలేం కావాలి నీకు?"

"కుంట నీళ్లు జర సూడు. పెండ్లిపిల్లకు తానం పోసిన నీళ్ల లెక్క ఉన్నయి. నా బర్రెలు మూతి పెడ్తలేవు. అవి తెల్లగ అయ్యేదాంక గిది ఇక్కడ్నే ఉంటది."

అంతలో షావుకారు కారు వచ్చింది. కారు లోపలికి పోవడానికి వీల్లేక ఆయన దిగి, బర్రె చుట్టూ తిరిగి రాబోయాడు. తల వైపు నుంచి వస్తే సరిపోయేది. తోక వైపు నుంచి వచ్చాడు. బర్రె అప్పుడే కాలువ దాటి వచ్చిందేమో, తోక ఒక్కసారి విసిరేసరికి ఆయన తెల్ల లాల్చీ నాలుగు మూలలా పసుపు పెట్టిన శుభలేఖలా తయారైంది. ఆయన తిరిగి కారెక్కాడు.

భీమేశ్వరరావుగారు కారు కనుమరుగయ్యేదాకా చూసి, కెమిస్టును పిలిపించారు.

కెమిస్టు పేరు సీతారామాంజనేయులు. కాకినాడలో బియస్సీ చదివి, పూత తొట్లలో పాళ్లు సరిచూసే ఉద్యోగానికి భార్యతో సహా వచ్చి మదీనాగూడలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటున్నాడు. ఏ విషయమైనా పరీక్షనాళికలో పోసి కొద్దిగా కదిపితే తేలిపోతుందని ఆయన నమ్మకం.

"ఏమయ్యా, ఆ పసుపేమిటి?"

"క్రోమియం అండి. హ్యాండిలుకు అంటుకోగా మిగిలింది కడిగిన నీళ్లలో కలుస్తోంది. విషమేనండి. గేదె తాగకపోవడం దాని తెలివి."

"దాని తెలివి నాకెందుకు. తీసెయ్యగలవా?"

సీతారామాంజనేయులు కాస్త ఆలోచించి, "బొగ్గుతో తియ్యొచ్చండి," అన్నాడు. "బొగ్గులో కంటికి కనపడనన్ని బెజ్జాలుంటాయి. లోహం వెళ్లి వాటిలో ఇరుక్కుంటుంది. పంచదార మిల్లుల్లో రంగు తియ్యడానికి వాడతారని కాలేజీలో చదివాను."

పోచమ్మ గేటు దగ్గర్నుంచే ఇదంతా విన్నది. బొగ్గుతో నీళ్లు తెల్లగా చేస్తారన్న మాట ఆవిడకు నచ్చలేదు. అయినా సారు చదువుకున్న మనిషి కదా అని, బర్రెకు గడ్డి చూపించి లేపి తీసుకుపోయింది.

మొదట సీతారామాంజనేయులు ఇంట్లో కుంపటి బొగ్గు దంచి పీపాలో పోశాడు. పసుపు నీళ్లు పైనుంచి పోస్తే, కిందనుంచి నల్లటి పసుపు నీళ్లు వచ్చాయి. కుంపటి బొగ్గు మెత్తన, కొబ్బరి పెంకు బొగ్గయితే గట్టిగా ఉంటుంది, బెజ్జాలు కూడా సన్నం అని ఆయనకు తోచింది. భీమేశ్వరరావుగారు కోనసీమ నుంచి లారీలో కొబ్బరికాయలు తెప్పించి, "పెంకులు నీవి, కొబ్బరి మీ ఆవిడది," అని ఇంటి ముందు దింపించారు.

సీతారామాంజనేయులు భార్య పేరు బాలాత్రిపురసుందరి. మొదటివారం ఆవిడ సంతోషంగానే కొబ్బరి పచ్చడి, కొబ్బరన్నం, కొబ్బరి బూరెలు చేసింది. రెండోవారం బీరకాయలో కొబ్బరి, పప్పులో కొబ్బరి, చారులో కొబ్బరిపాలు. ఒకరోజు మజ్జిగలో కూడా తెల్లటి పలుకులు తేలుతుంటే సీతారామాంజనేయులు గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇదీ కొబ్బరేనా?"

"మరేముంది ఇంట్లో. ఏమండీ, నిన్న తల దువ్వుకుంటుంటే దువ్వెన నిండా నూనె వచ్చింది. నేను తలకు నూనె రాసుకోలేదు."

"ఇంకా రెండు పీపాలకు సరిపడా పెంకులు కావాలి సుందరీ."

 మర్నాడు పొద్దున సుందరి, పాలు పోయడానికి వచ్చిన పోచమ్మను కూర్చోబెట్టి, గిన్నెడు కొబ్బరి లౌజు పెట్టి, క్వార్టర్లలో తమ గోదావరి వైపు వాళ్లు ఎంతమంది ఉన్నారని అడిగింది. చాలామందే ఉన్నారు. వాళ్ల ఇళ్లలో రోజూ పచ్చడికి కొబ్బరికాయ కొడతారు, పెంకులు బయట పారేస్తారు. ఆ రోజునుంచి పోచమ్మ పాలు పోసి, ఖాళీ క్యాన్లలో పెంకులు నింపుకుని రావడం మొదలుపెట్టింది. సుందరి వంటలోకి వంకాయ తిరిగొచ్చింది.

పెంకులను ఇనప పీపాలో పేర్చి, మూతబెట్టి, గాలి ఆడకుండా కాల్చాడు సీతారామాంజనేయులు. ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు నీళ్లు చిలకరిస్తే బెజ్జాలు ఇంకా తెరుచుకుంటాయని చిలకరించాడు. పీపా పెద్ద రైలింజనులా బుస్సుమంది. లింగమూర్తి గోడ దూకి, అవతల జొన్నచేలో పడి, ఇగ నేను ఇంటికి పోతున్న అని అక్కడినుంచే కేకేశాడు. పొగ తగ్గాక చూస్తే సీతారామాంజనేయులుకు కనుబొమలు లేవు. బొగ్గు మాత్రం అద్భుతంగా కుదిరింది. గోటితో మీటితే గాజులా ఖంగుమంది.

ఆ బొగ్గు నలగ్గొట్టి పీపాలో నింపి పసుపు నీళ్లు పోశాడు. మళ్లీ పసుపు నీళ్లే వచ్చాయి. కాస్త లేత పసుపు, అంతే. ఆ సాయంత్రం ఆయన కనుబొమలు లేని మొహంతో అరుగు మీద కూర్చుంటే చూసినవాళ్లెవరికీ పలకరించాలనిపించలేదు.

ఆ తరవాత చాలా రోజులు ఒక్కొక్కటే మార్చి చూశాడు. బొగ్గు ఎక్కువ వేశాడు, తక్కువ వేశాడు, నీళ్లు మెల్లగా వదిలాడు. చివరికి నీళ్లకు పులుపు చాలడం లేదేమోనని అనుమానం వచ్చింది. షెడ్డులో తుప్పు వదలగొట్టే ఆసిడు నీళ్లు ఎలాగూ ఉన్నాయి. అవి కొద్దికొద్దిగా కలిపి, పీపాలో పోసి, ఆ రాత్రికి అలా నానబెట్టాడు. పొద్దున కొళాయి తిప్పితే తెల్లటి నీళ్లు వచ్చాయి. గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూశాడు. సీసాలోని మందు చుక్కలు వేసి పరీక్షించాడు. క్రోమియం లేదు. తర్వాత సున్నం వేసి పులుపు విరిచాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరచిపోయి, గ్లాసు పట్టుకుని ఊళ్లోకి నడిచాడు.

పోచమ్మ గ్లాసు అందుకుని ముందు వాసన చూసింది, బర్రె చూసినట్టే.

"మంచిగున్నయి. తాగు సారూ."

"ఇవి తాగే నీళ్లు కావు పోచమ్మా. కుంటలోకి వదిలే నీళ్లు."

"నా బర్రె కుంటలనే గద తాగుతది. నువ్వు తాగనియి దానికెందుకు పోస్తవు?"

 పరీక్షనాళికలో తేలిందని సీతారామాంజనేయులు చెబితే ఆవిడకు చెవికెక్కలేదు. చివరికి ఇద్దరూ కలిసి చేపను అడుగుదామని ఒప్పుకున్నారు. షెడ్డు ముందు సిమెంటు తొట్టిలో బాగుచేసిన నీళ్లు పోసి, ఖాజాగూడ చెరువు నుంచి తెప్పించిన కొర్రమీను ఒకటి అందులో వదిలారు. ఊరంతా వచ్చి చూసింది. చేప హాయిగా తిరిగింది. భీమేశ్వరరావుగారు కుర్చీ వేయించుకుని దాని పక్కనే కూర్చుని పేపరు చదివారు.

మర్నాడు తొట్టిలో చేప లేదు.

"సచ్చిపోతే పారేసినవు," అంది పోచమ్మ.

"ఒట్టు పోచమ్మా. నేను ముట్టుకోలేదు."

ఇంకో చేపను వేసి, ఈసారి అందరూ కాపలా కూర్చున్నారు. ఎండెక్కాక జొన్నచేను వైపునుంచి కొంగ ఒకటి దిగింది. తొట్టి గోడ మీద నిలబడి, అందరి వంకా ఒకసారి చూసి, చేపను నోట కరుచుకుని ఎగిరిపోయింది. ఎవరూ కదల్లేదు. పోచమ్మ చాలాసేపు ఆకాశం వంక చూసింది.

"నిన్న గూడ గదే తిన్నదనుకుంటవా?"

"అదే అయ్యుంటుంది."

"నిన్న తిని ఇయ్యాల మంచిగనే వచ్చింది గద. అయితె నీళ్లు మంచివే."

అలా మదీనాగూడ కుంట నీళ్లకు కొంగ సాక్ష్యం మీద ఆమోదం దొరికింది. సీతారామాంజనేయులుకు ఆ పద్ధతి కాస్త చిన్నతనంగా అనిపించింది. షెడ్డు వెనకాల వరసగా పీపాలు నిలబెట్టారు. పాత నీళ్లను కూడా కుంటలోంచి తోడించి వాటి గుండా పోశారు. పసుపు రోజురోజుకూ పలచబడింది.

అంతా బాగుందనుకునేలోపు ఊళ్లోవాళ్లకు ఒక సందేహం వచ్చింది. పసుపు నీళ్లు లోపలికి పోతున్నాయి, తెల్ల నీళ్లు బయటికొస్తున్నాయి, మరి పసుపు ఎక్కడికి పోయింది. ఆ మాట లింగమూర్తిని అడిగారు. అతను సారు చెప్పగా విన్నదే చెప్పాడు.

"బొగ్గుల ఇరికింది. హ్యాండిళ్లకు మెరుపు ఎక్కడికెల్లి వస్తది? ఆ నీళ్లల్లకెల్లనే. నీళ్లల్ల మెరుపంతా ఇప్పుడు బొగ్గుల ఉన్నది."

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ అప్పట్లో ఊళ్లో అందరూ పళ్లు తోముకునేది బొగ్గుపొడితోనే.

రాజయ్య ఊరికి పెద్దమనిషి. తెల్ల తలపాగా, గంభీరమైన మీసం, పళ్లు మాత్రం జర్దా నమిలి గారపట్టినవి. ఆ వారంలోనే ఆయన జీవితంలో మొదటిసారి ఫొటో దిగడానికి పట్నంలో స్టుడియోకు పోవాలని నిర్ణయించుకున్నాడు. లింగమూర్తి మాట ఆయన చెవిన పడ్డది. షెడ్డు వెనకాల గోనెపట్టాల మీద ఆరబోసి ఉన్న వాడేసిన బొగ్గులోంచి తువ్వాలు కొంగున కాస్త మూటగట్టుకుని ఇంటికి పోయాడు. దాంతో తోముకుని, సైకిలు హ్యాండిలుకే మొహం పెట్టి చూసుకున్నాడు. మెరిసే హ్యాండిలులో ఏదైనా మెరుస్తుంది. ఆయన ఆ సంగతి ఆలోచించలేదు.

"మెరుపెక్కింది," అని ఎదురింటాయనతో అన్నాడు. ఎదురింటాయన పక్కింట్లో చెప్పాడు. మర్నాడు పొద్దున తోముకుందామని ఎవరికి వాళ్లు వచ్చి మూటలు కట్టుకుపోయారు.

మధ్యాహ్నం భోంచేసి వచ్చిన సీతారామాంజనేయులు గోనెపట్టాల వైపు చూస్తే బొగ్గు సగం లేదు. లింగమూర్తి జరిగింది చెప్పాడు. నీళ్లలోంచి తీసిన విషమంతా ఆ బొగ్గులోనే ఉంది. మరుక్షణం సీతారామాంజనేయులు ఊళ్లోకి పరుగెత్తాడు.

మొదటి గుమ్మంలో కనిపించిన ముసలాయనతో, "నోరు తెరవండి," అన్నాడు.

"ఎందుకు?"

"పళ్లు చూడాలి. తొందరగా."

ప్యాంటు వేసుకుని, చేతిలో సంచీ పట్టుకుని, కనుబొమలు లేకుండా నోరు తెరవమంటూ తిరిగే మనిషిని చూసి ఊరు ఒక్కటే అనుకుంది. టీకాలవాళ్లు వచ్చారని. ముసలాయన లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. ఆ వీధిలో తలుపులన్నీ ఒకదాని వెనక ఒకటి మూసుకున్నాయి. సీతారామాంజనేయులు వీధి మధ్యన నిలబడి, తలుపులకు రసాయన శాస్త్రం చెప్పాడు. క్రోమియం అన్నాడు, పుండ్లు పడతాయన్నాడు, కాలేయం పాడవుతుందన్నాడు. ఒక కిటికీలోంచి, "మెరుపు మీరే ఉంచుకుందామనా?" అన్న మాట వినిపించింది.

ఆయన ఇంటికి పోయి సుందరికి చెప్పాడు. ఆవిడ తక్షణం మిగిలిన మంచి బొగ్గు, అంటే ఇంకా నీళ్లు తగలనిది, తీసి రోట్లో మెత్తగా దంచి, ఉప్పు, లవంగాలు, కాస్త కర్పూరం కలిపి పొట్లాలు కట్టింది. పాత బొగ్గు ఇస్తే కొత్త పళ్లపొడి అని వీధిలో చెప్పించింది. ఎవరో పొట్లం విప్పి చూసి, వాసన బాగుంది గానీ ఇందులో మెరుపు లేదు కదా అని తిరిగి ఇచ్చేశారు.

అప్పుడు రాజయ్య ఇంటి తలుపు తెరుచుకుంది. ఆయన బయటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెదాలు రెండూ ఉబ్బి, ఉడకబెట్టిన చిలగడదుంపల్లా ఉన్నాయి. ఏదో చెప్పబోయాడు. "మ్మ్ఫ్" అని మాత్రం వినిపించింది.

పోచమ్మ అప్పుడే అటుగా వచ్చింది. ఆయన మొహం వంక చూసి, ఊరందరికీ వినపడేలా అన్నది:

"మెరుపెక్కుడు అంటే గిదేనా రాజన్నా?"

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

సీతారామాంజనేయులు రాజయ్య చేత నోరు పదేపదే పుక్కిలింపజేసి, భీమేశ్వరరావుగారి కారులో దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు మొత్తం విని, మింగలేదు కాబట్టి బతికిపోయాడని, పెదాలు వారంలో దిగుతాయని, ఇంక పళ్ల జోలికి పోవద్దని చెప్పాడు. అలా చెప్పినప్పుడు డాక్టరు మొహం మామూలుగా ఉంచుకోవడానికి చాలా కష్టపడ్డాడని సీతారామాంజనేయులు తరవాత సుందరికి చెప్పాడు. కారులో తిరిగి వచ్చేటప్పుడు రాజయ్య కళ్లలో నీళ్లు చూసి ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. తాను బొగ్గును ఆరుబయట అలా వదిలేయకుండా ఉండాల్సిందని, నీళ్లు తెల్లబడిన సంతోషంలో మిగతా సగం పని మరచిపోయానని ఆయనకు తెలుసు. ఆ మాట రాజయ్యతో అన్నాడు కూడా. రాజయ్య ఆయన భుజం తట్టి, "మ్మ్ఫ్" అన్నాడు.

వాళ్లు వచ్చేసరికి షెడ్డు ముందు బొగ్గు గుట్ట ఉంది. ఊరు మొత్తం తెచ్చి పోసేసింది. ఎత్తుకెళ్లిన బొగ్గు ఏదో, ఇంట్లో ఉన్న బొగ్గు ఏదో తెలియక, ఎందుకొచ్చిన పరేషానని, బర్రెల కొట్టంలో ఉన్నదీ, కుంపట్లో ఉన్నదీ, చాకలి ఇస్త్రీపెట్టెలో కాలుతున్నదీ కూడా తెచ్చారు. పోయింది గోనెడు అయితే తిరిగొచ్చింది బండెడు. ఇస్త్రీపెట్టె బొగ్గు ఇంకా పొగలు కక్కుతోంది.

"ఇందులో మనదేది?" అన్నారు భీమేశ్వరరావుగారు.

"చెప్పలేనండి. అంతా మనదే అనుకోవాలి."

అంతా పీపాల్లోకి ఎత్తించి మూతలు బిగించారు. షెడ్డు వెనకాల గుంట తవ్వి, లోపల సిమెంటు చేయించి, పీపాలు దింపి, పైన మందపాటి పలక వేయించమని సీతారామాంజనేయులు పట్టుబట్టాడు. భీమేశ్వరరావుగారు అంత సిమెంటు బొగ్గుకా అని సణిగారు గానీ, రాజయ్య ఎదురుగా కూర్చుని ఉండటంతో ఒప్పుకున్నారు.

ఇళ్లలో బొగ్గు చిటికెడు కూడా మిగల్లేదు కాబట్టి మర్నాడు ఊరంతా సుందరి పళ్లపొడితోనే తోముకుంది. లవంగం ఘాటు వాళ్లకు నచ్చింది. అది అయిపోయాక మళ్లీ అడిగారు. క్వార్టర్ల వాళ్లు కూడా పోచమ్మ చేత కబురు పంపారు. సీతారామాంజనేయులు కొబ్బరి పెంకులు నీళ్లకు మిగలడం లేదని గొడవపెట్టాడు. సుందరి, "నీళ్లకు మీది, నోటికి నాది," అని పీపాలు వేరు చేసి, తన పీపాల మీద తెల్ల సున్నంతో పెద్ద అక్షరాలతో తన పేరు రాయించింది. బాలాత్రిపురసుందరి అని రాయడానికి పీపా చుట్టుకొలత సరిపోక, చివరి రెండక్షరాలు మూత మీద రాయాల్సి వచ్చింది.

రాజయ్య ఫొటో వాయిదా వేసుకోలేదు. పెదాలు దిగకముందే పట్నం పోయి, నోరు గట్టిగా బిగించి దిగొచ్చాడు. ఆ ఫొటోలో ఆయన ఎంత కోపంగా, ఎంత హోదాగా కనిపించాడంటే, చూసినవాళ్లు ఎవరో తహసీల్దారనుకునేవారు. పొలం గట్ల తగాదాలకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా ఆయన దగ్గరికే రావడం మొదలుపెట్టారు. ఆయన ఎక్కువ మాట్లాడకుండా తీర్పు చెప్పే అలవాటు కూడా అప్పట్నుంచే పట్టుకుందంటారు.

వానలు పడ్డాయి. కుంట నిండింది. సిమెంటు పలక మాత్రం ఎత్తుగా, చదునుగా, వాన ఆగిన అరగంటలో ఆరిపోయేలా ఉండటంతో, బస్సు కోసం వచ్చేవాళ్లంతా దాని మీదే కూర్చునేవారు. సీతారామాంజనేయులు వారం వారం వచ్చి, అందరినీ లేపి, బీట ఏమైనా వారిందేమోనని నాలుగు వైపులా వంగి చూసి, లేదని నిశ్చయించుకుని వెళ్లేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మొక్కే దండమెవరికని అడిగేవారు. కింద ఏముందని ఇంకెవరైనా అడిగితే, లింగమూర్తి ఈసారి జాగ్రత్తగా, "ఏం లేదు, మట్టి," అని చెప్పేవాడు.